చివరి లైటుకు ఎన్ని వోల్టులు?

ఇంటి ముందు ప్రహరీ వెంబడి వరసగా పది గార్డెన్ లైట్లు పెట్టించారనుకుందాం. సాయంత్రం స్విచ్ వేయగానే గేటు దగ్గరి రెండు మూడు ధగధగ వెలుగుతాయి. అటుపైన ఒక్కొక్కటీ కాస్త తగ్గుతూ పోయి, మూలనున్న చివరి రెండూ నీరసంగా మినుకుమంటాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, "లైటు క్వాలిటీ లేదు సార్, మార్చేద్దాం" అంటాడు. మారుస్తాడు. కొత్త లైటూ అలాగే ఏడుస్తుంది. పాత లైటును తీసుకెళ్లి గేటు దగ్గర బిగిస్తే మాత్రం అది నిక్షేపంగా వెలుగుతుంది. తప్పు లైటుది కాదని అప్పటికి తేలుతుంది. మరి ఆ వోల్టులు ఎక్కడికి పోయాయి?

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. తోటలో, తడి నేలలో, పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే చోట దాన్ని పరచడానికి ఎవరికైనా గుండె గుబగుబలాడుతుంది. అందుకే 12 వోల్టులు. తడిసిన మనిషి ఒంటి నిరోధం సుమారు 1,000 ఓమ్‌లు అనుకుంటే, 230 వోల్టులు తగిలినప్పుడు ఒంట్లోంచి పారేది 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో నాలుగో వంతు చాలు. మెయిన్ బోర్డులోని ఆర్‌సీసీబీని 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయేలా తయారు చేయడానికి కారణం అదే. అదే ఒంటికి 12 వోల్టులు తగిలితే లెక్క ప్రకారం 12 మిల్లీ ఆంపియర్లు. తక్కువ వోల్టేజీ దగ్గర చర్మం నిరోధం ఇంకా పెరుగుతుంది కాబట్టి నిజానికి అంత కూడా పారదు, చాలాసార్లు తెలియను కూడా తెలియదు. ఈత కొలనుల్లో నీటి లోపల పెట్టే దీపాలకు అంతర్జాతీయ ప్రమాణాలు ఏసీ అయితే 12 వోల్టులు, డీసీ అయితే 30 వోల్టుల దగ్గరే గీత గీశాయి.

ఇంతవరకూ లాభమే. అయితే కరెంటు ఏదీ ఉచితంగా వదలదు. వాట్లు అంటే వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేవి. ఒక్కోటి 5 వాట్ల చొప్పున పది లైట్లు, మొత్తం 50 వాట్లు. 230 వోల్టుల దగ్గర వాటికి 0.22 ఆంపియరు చాలు. 12 వోల్టుల దగ్గర అవే లైట్లకు 4.17 ఆంపియర్లు కావాలి, అంటే 19 రెట్లు. వోల్టేజీ తగ్గించి మనిషిని కాపాడినందుకు ఆ బరువంతా వైరు నెత్తిన పడింది.

మన ఎలక్ట్రీషియన్లు "ఒకటిన్నర వైరు" అనేది 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి. ఇళ్లలో లైట్ల పాయింట్లకు వాడేది ఇదే. ప్రమాణాల పట్టికలో దీని నిరోధం కిలోమీటరుకు గరిష్ఠంగా 13.3 ఓమ్‌లు. రెండున్నర వైరుకు 7.98, నాలుగు వైరుకు 4.95. ఇవి 20 డిగ్రీల దగ్గరి అంకెలు. రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది కాబట్టి మన వేసవిలో మరో ఏడెనిమిది శాతం కలుపుకోవాలి. అదీ చుట్ట మీద రాసినంత రాగి లోపల నిజంగా ఉంటేనే. ఐఎస్ 694 ముద్ర లేని చౌక వైరులో ఆ హామీ లేదు, ఈ లెక్కలన్నీ దాని ముందు దండగే.

ఇప్పుడు పది లైట్లను 3 మీటర్లకొకటి చొప్పున 30 మీటర్ల పొడవునా పెట్టాం. వైరు ఒకటిన్నర. కరెంటు వెళ్లి తిరిగి రావాలి గనుక ప్రతి 3 మీటర్ల ముక్కలో 6 మీటర్ల రాగి ఉంటుంది, దాని నిరోధం 0.08 ఓమ్. అంకె చూడ్డానికి చాలా చిన్నది. కానీ మొదటి ముక్కలోంచి పది లైట్ల కరెంటూ పోవాలి, రెండో దాంట్లోంచి తొమ్మిదింటిది, అలా చివరి ముక్కకు వచ్చేసరికి ఒక్క లైటుది. ముక్కలన్నిటిలో జారిపోయిన వోల్టులను కూడితే 1.83. గేటు దగ్గరి లైటుకు 11.67 వోల్టులు అందితే చివరి దానికి 10.17. అక్కడికి చేరేసరికి 15 శాతం కరిగిపోయింది.

15 శాతం వోల్టేజీ తగ్గితే వెలుగు కూడా 15 శాతమే తగ్గుతుందనుకుంటే పొరపాటు. పాత హాలోజెన్ బల్బులో 10 శాతం వోల్టేజీ పోతే సుమారు 30 శాతం వెలుగు పోయేది. ఎల్ఈడీ స్ట్రిప్పుల కథ మరోలా ఉంటుంది. 12 వోల్టుల తెల్ల స్ట్రిప్పులో మూడేసి ఎల్ఈడీలు, వాటి వెనక ఒక రెసిస్టర్ వరసగా ఉంటాయి. ఒక్కో ఎల్ఈడీ సుమారు 3.1 వోల్టులు తీసుకుంటే మూడింటికీ 9.3. మిగిలిన 2.7 వోల్టులే రెసిస్టర్ చేతికి వస్తాయి, కరెంటు ఎంత పారాలో నిర్ణయించేది ఆ మిగులే. సరఫరా 12 నుంచి 10.8కి, అంటే 10 శాతం పడినా, ఎల్ఈడీలు తమ వాటా పెద్దగా వదులుకోవు. కోతంతా మిగులు మీదే పడుతుంది. కరెంటు మూడో వంతుకు పైగా తగ్గి, వెలుగూ ఇంచుమించు అంతే తగ్గుతుంది. లోపలే డ్రైవరు ఉండి మట్టిలో గుచ్చే మంచి స్పైక్ లైట్లు మాత్రం 10 నుంచి 15 వోల్టుల మధ్య ఎంత వచ్చినా ఒకే వెలుగిస్తాయి. అయితే వోల్టులు తగ్గేకొద్దీ అవి వాట్లు నిలబెట్టుకోవడానికి ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగుతాయి, దాంతో వైరులో నష్టం ఇంకాస్త పెరుగుతుంది. వాటి కనీస వోల్టేజీ దాటి కిందికి పడ్డాక మసకబారడం ఉండదు, రెప్పలు కొట్టినట్టు ఆరి వెలుగుతూ ఉంటాయి.

దీనికి అందరూ చెప్పే మందు లావు వైరు. నిజమే, అంతటా నాలుగు వైరు వేస్తే నష్టం 1.83 నుంచి 0.68 వోల్టుకు దిగుతుంది. రాగి బరువు మాత్రం 800 గ్రాముల నుంచి 2 కిలోల 150 గ్రాములకు చేరుతుంది, బిల్లూ దాని వెంటే పోతుంది. అంతకంటే పొదుపైన దారి పై లెక్కలోనే ఉంది. 1.83 వోల్టుల నష్టంలో 1.33 మొదటి ఐదు లైట్ల లోపే పోతోంది, ఎందుకంటే బరువైన కరెంటు పారేది అక్కడే. కాబట్టి మొదటి 15 మీటర్లు నాలుగు వైరు, మిగతా 15 మీటర్లు ఒకటిన్నర వేసినా మొత్తం నష్టం 1 వోల్టుకు పడిపోతుంది. చివరి లైటుకు 11 వోల్టులు అందుతాయి.

ఒక్క గ్రాము రాగి కూడా కొనకుండా కుదిరే ఉపాయం ఇంకొకటుంది. సరఫరాను వరస మొదట్లో కాకుండా మధ్యలో ఇవ్వాలి. 12 వోల్టులిచ్చే ఎస్ఎంపీఎస్ పెట్టెను గేటు పక్కన బిగించే బదులు ప్రహరీ నడిమధ్యకు ఎదురుగా ఉన్న వసారా గోడకు బిగించి, అక్కడి నుంచి అటు ఐదు, ఇటు ఐదు లైట్లకు లాగితే, ప్రతి కొమ్మలోనూ పొడవూ సగమే, కరెంటూ సగమే. అదే ఒకటిన్నర వైరుతో చివరి లైటు దగ్గర నష్టం అర వోల్టు. 1.83 నుంచి 0.5కి. పని మొదలవకముందు పెట్టె ఏ గోడకో తేల్చుకుంటే వచ్చే ఈ లాభం, టైల్స్ పరిచాక ఎంత ఖర్చు పెట్టినా రాదు. పెట్టె నుంచి మొదటి లైటు దాకా ఉన్న దూరాన్ని కూడా లెక్కలో కలపడం మరవకూడదు, చాలామంది మరిచేది అదే.

మూడో దారి 24 వోల్టులు. ఆంపియర్లు సగమవుతాయి, కాబట్టి జారే వోల్టులూ సగమే. ఆ సగం కూడా 12లోంచి కాక 24లోంచి పోతుంది. అందుకని శాతంలో చూస్తే నష్టం నాలుగో వంతుకు దిగుతుంది. మన పది లైట్ల వరసలో 15 శాతం కాస్తా 3.8 శాతం. ఒంటికి తగిలినా ప్రమాదం లేని పరిధిలోనే ఉంటుంది. కొత్తగా అన్నీ కొనేవాళ్లు ఇంకా 12 దగ్గరే ఎందుకు ఆగుతున్నారంటే నాకు కనిపించే కారణం ఒకటే: దుకాణంలో ఎదురుగా ఉండేది అది. నీటిలో పెట్టే దీపాలు తప్ప, 20 మీటర్లు దాటే ఏ వరసకైనా నేను 24కే ఓటేస్తాను.

మన ఊళ్ల లెక్కకు వద్దాం. 200 గజాల స్థలం అంటే సాధారణంగా 30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు. ఇంటి ముందు మిగిలేది ఒక కారు, ఒక తులసి కోట, గోడ వెంట నాలుగు నందివర్ధనాలు. 9 మీటర్ల ముఖానికి 5 వాట్ల లైట్లు ఆరు పెట్టినా మొత్తం 30 వాట్లు, 2.5 ఆంపియర్లు. ఆరూ 10 మీటర్ల పొడవున సమంగా సర్దితే ఒకటిన్నర వైరులో నష్టం 0.4 వోల్టు. కంగారు పడాల్సిన పని లేదు, 12 వోల్టులు నిశ్చింతగా సరిపోతాయి.

శంకర్‌పల్లి వైపు ఎకరం ఫామ్‌హౌస్ కట్టుకున్నవారి సంగతి వేరు. ఎకరం అంటే 4,840 గజాలు, చతురస్రమైతే ఒక్కో వైపు సుమారు 64 మీటర్లు. గేటు నుంచి ఇంటి దాకా 60 మీటర్ల బాట పక్కన 5 వాట్ల లైట్లు ఇరవై. 100 వాట్లు, 12 వోల్టుల దగ్గర 8.3 ఆంపియర్లు. నాలుగు వైరు వేసినా చివరికి 2.6 వోల్టులు మాయమవుతాయి. పది చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం ఒక్క వోల్టుకు దిగుతుంది గానీ దాంట్లో పట్టే రాగి 10 కిలోలకు పైనే. అంత రాగిని మట్టిలో పాతిపెట్టి పైన 100 వాట్లు వెలిగించడం డబ్బు దండగే. అదే నాలుగు వైరుతో 24 వోల్టులకు మారితే నష్టం 1.3 వోల్టులు, 5.4 శాతం. లేదా 230 వోల్టుల ఆర్మర్డ్ కేబుల్‌ను బాట మధ్య దాకా పైపులో తీసుకెళ్లి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కాపలా పెట్టి, అక్కడ ఒక పెట్టెలో వోల్టేజీ దించుకోవాలి. పెద్ద తోటలకు అదే తెలివైన పద్ధతి.

12 వోల్టులు షాక్ కొట్టవు కాబట్టి ఎలా కలిపినా ఫర్వాలేదన్న ధీమా ఒకటి పనివాళ్లలో కనిపిస్తుంది. దీన్ని మాత్రం గట్టిగా కాదనాలి. 240 వాట్ల పెట్టె 12 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లు ఇస్తుంది. రెండు వైర్లను మెలిపెట్టి టేపు చుట్టిన చోట పట్టు సడలి 0.05 ఓమ్ నిరోధం పుట్టిందనుకుందాం. ఆంపియర్లను వాటితోనే గుణించి నిరోధంతో గుణిస్తే 20 వాట్లు. రేడియో మెకానిక్ చేతిలోని సోల్డరింగ్ ఐరన్‌కు ఉండే వేడి ఇంచుమించు అంతే, అది మీ ఎండుటాకుల కింద రోజూ ఐదు గంటలు రగులుతూ ఉంటుంది. అదే జాయింటు 230 వోల్టుల లైనులో, అదే 240 వాట్లకు అయితే పుట్టే వేడి 0.05 వాటు, చేయి పెట్టినా తెలియదు. షాక్ భయం తగ్గిన చోట వేడి భయం పెరిగిందన్నమాట. అందుకే ఒక్క పెద్ద పెట్టె కన్నా 60 వాట్ల చిన్నవి రెండు మూడు మేలు. పెద్దదే ఉంటే దాన్నుంచి బయల్దేరే ప్రతి కొమ్మకూ విడిగా ఫ్యూజు ఉండాలి. పెట్టె మీద రాసిన వాట్లలో 80 శాతానికి మించి లైట్లు తగిలించకపోతే ఎండాకాలం కూడా అది ఊపిరి పీల్చుకుంటుంది.

పెట్టె కొనేటప్పుడు ఇంకో రెండు చూడాలి. మొదటిది, దానిమీద ఎస్ఈఎల్‌వీ అనే అక్షరాలో, ఒకదాని మీదికి ఒకటి జరిగిన రెండు సున్నాల గుర్తో ఉండాలి. లోపల 230 వోల్టుల చుట్టకూ 12 వోల్టుల చుట్టకూ నడుమ నమ్మదగిన గోడ ఉందని దాని అర్థం. అది లేకపోతే 12 అని రాసున్న వైరులోకి ఒకరోజు 230 రావచ్చు. రెండోది, పాత హాలోజెన్ బల్బుల కోసం చేసిన ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్లకు కనీస లోడు ఉంటుంది. 20 వాట్లు ఉంటేనే మేలుకునే దానికి 5 వాట్ల ఎల్ఈడీ ఒకటి తగిలిస్తే అది వెలగకుండా ఆరకుండా కొట్టుకుంటుంది.

వర్షాల సంగతి. ఐపీ 65, ఐపీ 67 అని డబ్బాల మీద రాస్తారు. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీళ్లకు. 65 అంటే అన్ని వైపుల నుంచీ నీటిధార కొట్టినా తట్టుకుంటుంది. 67 అంటే ఒక మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు. అరగంట మాత్రమే. మన ముసురు అరగంటలో వదలదు గనుక, నేలలో సమంగా పాతే లైటు గుంట కింద జానెడు లోతు కంకర పోసి నీళ్లు ఇంకిపోయే దారి చేస్తే ఆ అంకెకు విలువ ఉంటుంది. నిజానికి లైట్ల కంటే ముందు చచ్చేవి జాయింట్లు. టేపు ఒక్క వానాకాలంతో వదులవుతుంది. తడి వైరు లోపలి పోగుల వెంట పాకుతూ లైటు దాకా వెళ్తుంది. డీసీ లైనైతే ప్లస్ వైపు రాగి పచ్చగా చిలుముపట్టి తినేసినట్టవుతుంది. లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం గానీ, జెల్ నింపిన కనెక్టరు గానీ వాడాలి. నల్లరేగడి నేలలో ఎండకు పగుళ్లు విచ్చి వైరును లాగుతాయి కాబట్టి ప్రతి జాయింటు దగ్గరా ఒక మూర వైరు వదులుగా చుట్టిపెట్టాలి. విశాఖ, కాకినాడ తీరాల్లో ఉప్పుగాలి అల్యూమినియాన్ని తినేస్తుంది, అక్కడ ఇత్తడి బాడీ లైట్లే నిలుస్తాయి.

వెలుగు ఎంత కావాలి? మనవాళ్లు బోల్తా పడేది ఎక్కువగా ఇక్కడే, కావలసినదానికి ఐదింతలు కొంటారు. నిండు పున్నమి వెన్నెల నేల మీద పావు లక్స్ ఉంటే గొప్ప. ఆ వెలుగులో ఊళ్లలో కబుర్లు చెప్పుకున్నారు, భోజనాలు చేశారు. నడిచే బాటకు 5 లక్స్ ధారాళం, 2 లేదా 3 వాట్ల లైటు 2 మీటర్లకొకటి ఉంటే అంత వచ్చేస్తుంది. చెట్లకు వాట్ల కంటే కిరణం కోణం ముఖ్యం. కొబ్బరి మొదట్లో పెట్టిన లైటు కోణం 36 డిగ్రీలైతే 10 మీటర్ల ఎత్తున ఆరున్నర మీటర్ల వెడల్పు వలయం పడుతుంది, మట్టలన్నీ వెలుగుతాయి. 60 డిగ్రీలదైతే పదకొండున్నర మీటర్లు. సగం వెలుగు పక్కింటివాళ్ల పడకగదికి పోతుంది. నాలుగు మీటర్ల మామిడికి మాత్రం ఆ 60 డిగ్రీలే సరి, వలయం 4.6 మీటర్లకు విచ్చుకుంటుంది.

రంగు 2,700 నుంచి 3,000 కెల్విన్ దాటకపోవడం మంచిది. 6,500 కెల్విన్ తెలుపులో నీలం పాలు ఎక్కువ, పురుగులకు అది పిలుపు. తొలకరి పడిన సాయంత్రం ఉసిళ్లు ఎలా ముసురుతాయో తెలియని ఇల్లుండదు. పసుపు వెలుగు వాటిని పూర్తిగా ఆపదు గానీ తగ్గిస్తుంది. గుమ్మం పైన ఒక్క తెల్ల లైటు తీసేసి, గుమ్మానికి దూరంగా మోకాలి ఎత్తులో రెండు పసుపువి పెడితే భోజనాల వేళ తేడా తెలుస్తుంది. ఇక ఆపే వేళ. హైదరాబాదులో పొద్దు గుంకేది నవంబరు చివర సుమారు 5.40కి, జూలై మొదట్లో 6.55కి. గంటంపావు తేడా. ఒకే వేళకు కట్టేసిన టైమరు సగం ఏడాది తప్పులో నడుస్తుంది, చీకటిని కనిపెట్టే సెన్సారుతో వెలిగించి టైమరుతో ఆర్పడం నయం.

కరెంటు బిల్లు గురించి రాయడానికి పెద్దగా లేదు. 50 వాట్ల లైట్లకు పెట్టెలో పోయే నష్టం కలుపుకుని 59 వాట్లు, రోజుకు ఐదు గంటలు, నెలకు దాదాపు 9 యూనిట్లు. 50 వాట్ల హాలోజెన్లు పది ఉన్న రోజుల్లో అది 75. గుచ్చి వదిలేసే బుల్లి సోలార్ లైట్ల గురించి అడుగుతారు కాబట్టి ఒక్క మాట: వాటిలో తరచు ఉండే 1.2 వోల్టుల, 600 మిల్లీ ఆంపియర్ అవర్ల సెల్లు దాచగలిగేది 0.72 వాట్ అవర్. మన 5 వాట్ల లైటు ఒక్క రాత్రికి వాడేది 25. గుర్తు చూపడానికి తప్ప బాట చూపడానికి పనికిరావు.

అమెరికాలో పిల్లలున్నవారికి విడిగా ఒక హెచ్చరిక. అక్కడ ఇళ్ల ముందు 12 వోల్టుల దీపాలు ఎంత మామూలంటే, వారి విద్యుత్ నియమావళి మామూలు పాతుడు కేబుల్‌ను 24 అంగుళాల లోతున పెట్టమంటుంది, 30 వోల్టుల లోపు తోట దీపాల వైరుకు 6 అంగుళాలు చాలంటుంది. వారాంతంలో ఇంటాయనే పార పట్టుకుని వేసుకుంటాడు. అలా వేసుకునే దీపాల కిట్లు బాగుంటాయి, సూట్‌కేసులో పడతాయి, డాలస్ నుంచి శంషాబాద్‌కు వచ్చేస్తాయి. కానీ అందులోని ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులకు చేసింది, మన 230కి తగిలిస్తే మొదటి రాత్రే కాలిపోతుంది. వైరును వాళ్లు గేజిలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ వైరు సన్నం: 12 గేజి మన లెక్కలో 3.3 చదరపు మిల్లీమీటర్లు, 16 గేజి 1.3 మాత్రమే, అంటే మన ఒకటిన్నర కన్నా సన్నం. ట్రాన్స్‌ఫార్మర్‌ను అక్కడే వదిలేసి లైట్లు మాత్రం తెచ్చుకోవచ్చు. అవి ఎక్కువగా 12 వోల్టుల ఏసీకి చేసినవి, కాబట్టి ఇక్కడ కొనే పెట్టె కూడా 12 వోల్టుల ఏసీ ఇచ్చేదే కావాలి. లైటు మీద ఏసీ, డీసీ రెండూ రాసుంటే మన ఎస్ఎంపీఎస్సే సరిపోతుంది.

పని అయ్యాక, ఎలక్ట్రీషియన్‌కు డబ్బులిచ్చేముందు, లైట్లన్నీ వెలుగుతుండగా చివరి లైటు దగ్గర మల్టీమీటరు పెట్టించండి. 12 వోల్టుల లైనులో 11 గానీ ఆ పైన గానీ చూపిస్తే సరే. 10.8 కంటే తక్కువుంటే గోతులు పూడ్చనివ్వకండి.